సిస్టరుగారింటి పిడికెడు బియ్యం

ఏసుపాదం ఏడుపు మొదలుపెట్టాడు. ఏడవనీ, అనుకుంది మార్త. కృష్ణలంకలో తన ఇంటి ముందు వేసిన తాటాకు పందిరి కింద, అద్దె కుర్చీలో, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఇరవై ఎనిమిదేళ్ళ నర్సు ఉద్యోగంలో ఎందరి ఏడుపులు చూసిందో అంత నిమ్మళంగా మరిది ఏడుపు చూస్తూ కూర్చుంది. ముందు గొంతు వణుకుతుంది, తర్వాత జేబులోంచి రుమాలు వస్తుంది, ఆ రుమాలు ఇస్త్రీ మడత మీద ఉంటుంది. ఏడవబోతున్నానని ముందే తెలిసినవాడు కదా ఇస్త్రీ చేయించుకొచ్చేది. "మా అన్న నాకు అన్న కాదండీ, తండ్రి," అంటున్నాడు. "అలాంటి మనిషిని మాకిచ్చినందుకు దేవుడికి కృతజ్ఞతలు. తన దగ్గరికి పిలుచుకున్నందుకు కూడా కృతజ్ఞతలు." పందిరి కింద ఉన్న అరవై మందీ తలలూపారు. పిలుచుకున్నందుకు కూడానట. తండ్రిలాంటి అన్న జక్కయ్య ఎనిమిది నెలలు మంచాన పడి ఉంటే ఉయ్యూరు నుంచి బెజవాడకి ఇరవై మైళ్ళు రాలేకపోయాడు ఈ కొడుకు. అదేమంటే ఫ్యాక్టరీలో క్రషింగ్ సీజను వదినా, చెరకు కాటా దగ్గర నేను లేకపోతే బళ్ళన్నీ రోడ్డు మీద నిలిచిపోతాయి అన్నాడు. మరి ఎండాకాలంలో ఏం సీజనురా అంటే, మిషన్లు బాగుచేసే సీజనట. వాడి అన్నకి ఊపిరితిత్తుల్లో నీరు చేరటానికి ఒక సీజను చూసుకోవాలని తెలియలేదు పాపం.

వాడి తర్వాత బైబిలు మాణిక్యం, మాణిక్యం తర్వాత అత్త, అత్త తర్వాత తను. పాస్టరు అయ్యగారు మొదట్లోనే వరస చదివారు. మనిషి పోయిన ఏడాదికి జ్ఞాపకార్థ కూటం పెట్టటం, అయినవాళ్ళు ఒక్కొక్కరే లేచి సాక్ష్యం చెప్పటం, అందరికన్నా చివర పోయినవాడి భార్య లేచి దేవుడు నాకు ఫలానా మేళ్ళు చేశాడని చెప్పి కళ్ళు తుడుచుకోవటం, ఆ మీదట విస్తళ్ళు వెయ్యటం. ఈ పద్ధతిలో మార్తకి నచ్చింది ఒకటే, చివర మాట్లాడేవాళ్ళకి ఎవరూ తిరిగి జవాబు చెప్పలేరు. ఏడాదిగా ఆ మాటలు తయారు చేసుకుంటోంది. రిక్షాలో డ్యూటీకి పోతూ, సూదులు మరిగిస్తూ, వార్డులో దుప్పట్లు దులుపుతూ చెప్పుకుని చెప్పుకుని వాటిని నున్నగా చేసింది. అందరికీ వందనాలు. జక్కయ్యగారు మంచంలో ఉన్న ఎనిమిది నెలల్లో ఈ గడప తొక్కినవాళ్ళు దయచేసి చేతులెత్తండి. అంతే. అని ఊరుకుని ఒక్కొక్కరి మొహం చూడాలి. ముందు వరసలో వాచీ చూసుకుంటున్న సంఘ పెద్ద మొహం, ఆ వెనకాల కొత్త చీర నలగకుండా కుర్చీ అంచున కూర్చున్న తోటికోడలు సీతమ్మ మొహం, రెండంటే రెండుసార్లు వచ్చి రెండుసార్లూ కాఫీలో చక్కెర తక్కువైందన్న అయ్యగారి మొహం. చూసి, అప్పుడు రెండో మాట చెప్పాలి. మా అత్తగారిని ఇవాళ్టితో చిన్నకొడుకు ఇంటికి పంపేస్తున్నాను, పాతికేళ్ళు చేశాను, ఇక నా వల్ల కాదు. సందు మొదట్లో రిక్షా ఆగి ఉంది. రిక్షాలో అత్త ట్రంకు పెట్టె ఉంది. బస్టాండు దాకా అది, అక్కణ్ణించి ఉయ్యూరు బస్సు. వారం కిందటే ఏసుపాదానికి కార్డు రాసి పడేసింది. ఆ కార్డు అందిన దగ్గర్నుంచీ సీతమ్మ మొహం ఎలా ఉందో వచ్చీ రాగానే చూసి తృప్తి పడింది కూడా.

అత్త మణెమ్మ ముందు వరసలో చాప మీద కూర్చుని ఉంది. కుర్చీ వేస్తే వద్దంది. కుర్చీలో కూర్చుంటే ఆవిడ కాళ్ళు నేలకి అందవు, అందని కాళ్ళు ఊగుతాయి, అది ఆవిడకి సిగ్గు. ఇదంతా ఆవిడ చెప్పింది కాదు, మార్త కనిపెట్టుకున్నది. ఆవిడ నోట్లోంచి మాట లాగటం కంటే కాన్పు చెయ్యటం తేలిక. పాతికేళ్ళ కాపరంలో అత్త తనతో ఆడిన మాటలన్నీ కూడబెడితే ఒక మధ్యాహ్నం కబుర్లకి సరిపోవు. వచ్చావా అమ్మాయ్. తిన్నావా అమ్మాయ్. నీళ్ళు కాగినయ్యి అమ్మాయ్. పోట్లాటకి కూడా పనికిరాని మనిషి. పక్కింటి తెరేసమ్మ అత్త వీధిలోకొచ్చి కొంగు బిగించి తిడుతుంది, తెరేసమ్మ తిరిగి తిడుతుంది, సాయంత్రానికి ఇద్దరూ కలిసి రేషను క్యూలో నుంచుని ఇంకొకళ్ళని తిడతారు. అదీ ఒక బతుకే, మనుషులున్నారని తెలుస్తుంది. తనది గోడతో కాపరం. పొద్దున ట్రంకు పెట్టె సర్దుతుంటే కూడా ఆ గోడ కదల్లేదు. మూడు తెల్ల చీరలు, ఒక దువ్వెన, జక్కయ్య చిన్నప్పటి ఫొటో, గుడ్డ సంచిలో బైబిలు. చదవటం రాని మనిషికి బైబిలొకటి, దానికో సంచి, ఆ సంచి చంకన పెట్టుకుని ఆదివారం ఆదివారం చర్చికి ప్రయాణం. సంచి దులిపితే కుట్టు సందుల్లోంచి బియ్యపు గింజలు రాలినయ్యి. పదో పాతికో గింజలు. మార్త ఆ గింజల వంక చూసింది, అత్త వంక చూసింది. అత్త గోడ వంక చూసింది. ఓహో, ఇదా సంగతి, చిన్నకొడుక్కి మోసిందన్నమాట నా ఇంటి బియ్యం. నెలకోసారి ఏసుపాదం చర్చి దగ్గర తల్లిని చూసిపోతాడని ఎవరో అంటే నమ్మలేదు. ఇంట్లోకి రావటానికి తీరదు గాని సంచి పట్టుకుపోవటానికి తీరింది. అప్పటిదాకా ఎక్కడో ఓ మూల, ముసలిదాన్ని పంపేస్తున్నానే అని ముల్లులాంటిదేదో ఉంటే అదీ ఊడిపోయింది. పెట్టె మూత వేసి దానిమీద కూర్చుని మరీ గొళ్ళెం పెట్టింది.

పందిరి వెనక నుంచి మాంసం కూర మసాలా వాసన వస్తోంది. ఏసుపాదం ముక్కు చీదుకుంటూ కూడా ఆ వైపు ఒకసారి చూశాడు. వంటమనిషి అంతోని గంటె పెట్టి గుండిగ అంచు మీద కొడుతున్నాడు, ఇక కానివ్వండి అన్నట్టు. బియ్యం ఇవాళ మణుగు పైన పోశారు. ఒకప్పుడు ఇదే ఇంట్లో బియ్యం డబ్బాతో కొలిచింది మార్త. అసలు ఈ బియ్యం గొడవంతా అత్త చేతిలోనే పుట్టింది. నోరు లేకపోయినా ఆవిడకి ఒక అలవాటు ఉండేది. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కన ముంతలో వేసేది, పూటకో పిడికెడు. ఆదివారం ఆ ముంత పట్టుకుపోయి చర్చిలో గంపలో వొంపేసి వచ్చేది. చర్చిలో ఆడవాళ్ళందరూ చేసేదే, చదువు లేనివాళ్ళు మరీను. దేవుడు అన్నం తింటాడా అత్తా అని పెళ్ళయిన కొత్తలో అడిగింది మార్త. మణెమ్మ నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండేది.

జక్కయ్యదీ అదే నవ్వు. ఏలూరు కాలువ మీద లాకు దగ్గర లస్కరు ఉద్యోగం. పడవ వస్తే తలుపు ఎత్తటం, పడవ పోతే తలుపు దించటం, రెంటికీ మధ్యన నవ్వటం. ట్రైనింగు అయిన నర్సుని తీసుకొచ్చి లాకు తలుపులెత్తేవాడికి కట్టబెట్టింది ఆస్పత్రి దొరసాని. మంచివాడు మార్తా, తాగడు, కొట్టడు అంది. తాగని కొట్టని మగవాడు దొరికినందుకు జీవితమంతా దండం పెట్టుకోవాలి కాబోలు. పడవలవాళ్ళు అరటిగెల ఇస్తే భుజాన వేసుకుని ఇంటికి బయల్దేరేవాడు, దార్లో కనపడ్డవాళ్ళకల్లా ఒక్కో అత్తం కోసిస్తూ వచ్చేవాడు, గుమ్మంలోకొచ్చి నిలబడేసరికి చేతిలో గెల కాడ మిగిలేది. చూడవే ఎంత పెద్ద గెలో, అని ఆ కాడ చూపించేవాడు. మార్త ఆ కాడ తీసి పక్కింటి గేదె ముందు పడేసేది. ఇవాళ ఈ పందిరి కింద ఆ అరటిపళ్ళు తిన్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో. అంతా కృతజ్ఞులే. ఆయన బతికుండగా తిని, పోయాక తలుచుకుని, మళ్ళీ తినటానికి కూర్చున్నారు.

కృతజ్ఞత అనే మాట మొదటిసారి పందొమ్మిది వందల యాభై రెండులో ఒళ్ళు మండేలా విన్నది. తొమ్మిదో నెలలో పిల్లాడు కడుపులోనే పోయాడు. ఎన్ని వందల కాన్పులు చేసిన చేతులో అవి, తనవే, తన కాన్పులో పక్కన ఊరికే పడి ఉన్నయ్యి. అప్పటి పాస్టరు భార్య మంచం పక్కన కూర్చుని, దేవుడికి ముద్దొచ్చాడమ్మా, తీసుకుపోయాడు, ఇందులో కూడా కృతజ్ఞత వెతుక్కోవాలి అంది. ఆవిడ చేతికి నాలుగు గాజులు, వెనకాల నలుగురు పిల్లలు. వచ్చినవాళ్ళందరూ ఏదో ఒకటి అన్నారు. మళ్ళీ పుడతారులే అన్నారు, పుట్టలేదు. అత్త ఒక్కతే ఏమీ అనలేదు. మంచం కాళ్ళవైపు నేలమీద కూర్చుని తొమ్మిది రోజులు పాదాలు పట్టింది. పగలు పట్టింది, తెల్లారగట్ల మెలకువ వస్తే అప్పుడూ పడుతూనే ఉంది. కొడుకు పోయిన కోడలితో ఒక్క మాట, ఒక్క మంచి మాట రాలేదే ఈ ముసలిదానికి, రాయి, అనుకుంది మార్త. ఆ రాయిని ఇరవై ఏళ్ళు దాటినా క్షమించలేదు. ఎందుకు క్షమించాలి, ఎవరు క్షమించమని అడిగారు గనక.

డెబ్బై రెండులో వానలు మొహం చాటేశాయి. కాలువలో పడవ ఆనేటన్ని నీళ్ళు లేవు, మార్కెట్లో బియ్యం లేవు, ఉన్నచోట ధర వింటే కళ్ళు తిరిగేవి. ఆ ఏడు ఎండల్లోనే జక్కయ్య మంచం పట్టాడు. వన్‌టౌన్ పోయి చిన్న ఇత్తడి తాళం కొనుక్కొచ్చి బియ్యం పెట్టెకి వేసింది మార్త. డ్యూటీకి పోయేముందు పాలడబ్బాతో రెండు పూటలకీ కొలిచి చాటలో పోసి, పెట్టె మూసి, తాళంచెవి బొడ్లో దోపుకుని పోయేది. ఇవాళ్టి నుంచి దేవుడికి పిడికెళ్ళు లేవత్తా, ఆయన కూడా రేషను క్యూలో నుంచోవాలి, అని చెప్పింది. అట్టాగేలే అమ్మాయ్ అని మణెమ్మ ముంత కడిగి అటక మీద బోర్లించింది. ఎంత తేలిగ్గా ఒప్పుకుంది, దేవుడి మీద భక్తి ఇంతేనా అని అందుకు కూడా చులకన చేసింది మార్త. తర్వాత ముసలిది అలగటం మొదలుపెట్టింది. తన కంచంలో సగం అన్నం పెట్టుకునేది, ఇంకాస్త పెట్టుకో అంటే ఆకలి లేదమ్మాయ్ అనేది. అలక కాకపోతే ఏంటి. అయినా నర్సు కదా, చూసీ చూడనట్టు వదల్లేదు, ఆస్పత్రి నుంచి నులిపురుగుల మందు తెచ్చి మింగించింది, బలం టానిక్కు సీసా తెచ్చిపెట్టింది. మణెమ్మ రెండూ బుద్ధిగా తాగింది. ఒకరోజు జక్కయ్య దిండ్లకి ఆనుకుని ఆయాసపడుతూ, మా అమ్మ సరిగ్గా తింటంలేదే, ఓసారి చూడు, అన్నాడు. పెడుతూనే ఉన్నాగా, తినకపోతే నోట్లో కుక్కమంటావా, నీకు పెట్టాలా, ఆవిడకి పెట్టాలా, వార్డులో నలభై మందికి పెట్టాలా, అంది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. అది ఆయన తనని అడిగిన ఆఖరి పని, ఆ తర్వాత అడగటానికి ఊపిరి చాల్లేదు.

పోయిన రోజు బందు. జై ఆంధ్ర గొడవలు, బస్సుల్లేవు, రిక్షాల్లేవు, ఆఫీసులకి తాళాలు, రోడ్లమీద టైర్లు తగలబడుతున్నాయి. సమాధుల దొడ్డికి మోసుకుపోవటానికి నలుగురు దొరకటమే గగనమైంది. సంఘ పెద్దలందరికీ ఆ రోజు ఒకేసారి ఒంట్లో బాగాలేదు. ఏసుపాదం మూడోరోజు వచ్చి గుమ్మం పట్టుకుని ఏడ్చాడు, అప్పుడు కూడా రుమాలుంది. చెయ్యాల్సిన వాళ్ళెవరూ రాని ఆ రోజు, చర్చి కాంపౌండు పాకలో ఉండే ఇద్దరు ముసలమ్మలు మాత్రం వచ్చారు. ఒకామెకి చూపు ఆనదు. రెండో ఆమె చెయ్యి పట్టుకుని, టైర్లు తగలబడుతున్న రోడ్డు పక్కనుంచి, ఊరు ఆ చివర నుంచి ఈ చివరకి నడిచి వచ్చారు. పొద్దున వచ్చి శవం తలాపున కూర్చుని సాయంత్రం దాకా కదల్లేదు. తిండికి వచ్చారు, అనుకుంది మార్త, చావింట్లో నలుగురికీ వండుతారని వచ్చారు. ఆ రోజు పొయ్యి వెలగలేదు. అయినా కూర్చున్నారు. పోతూ పోతూ చూపు ఆనని ముసలమ్మ మార్త మొహం చేత్తో తడిమి, నీ చేతి బియ్యం తిన్నోళ్ళం తల్లీ, రాకుండా ఎట్టా ఉంటాం, అంది. మతి పోయిందనుకుంది మార్త. వాళ్ళకి తను ఒక గింజ ఇచ్చిన పాపాన పోలేదు. ఇవాళా వచ్చారు ఇద్దరూ, పందిరి చివర గుంజకి ఆనుకుని కూర్చున్నారు, కూర వాసనకి చూపు ఆనని ఆమె ముక్కు ఎగబీలుస్తోంది.

ఏసుపాదం కూర్చున్నాడు. బైబిలు మాణిక్యం లేచింది. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకి బైబిలు చదివి వినిపించటం ఆమె పని, అందుకని ఆ పేరు. పదిమంది గొంతు ఒక్కతే చెయ్యగలదు. ఇహ అయినట్టే, అనుకుంది మార్త, ఈవిడ పరలోకం దాకా వెళ్ళి వెనక్కొచ్చేసరికి అన్నం గట్టిపడుతుంది. మాణిక్యం మాత్రం పరలోకం జోలికి పోలేదు.

"నేను జక్కయ్యగారి గురించి చెప్పనండీ, అందరూ చెప్పారు. నేను సిస్టరుగారి గురించి చెప్పాలి. డెబ్బై రెండులో బియ్యం దొరకనప్పుడు మన పిడికెడు బియ్యం గంప ఖాళీ అయిపోయింది. నా ఇంట్లో కూడా ఆపేశాను, అబద్ధం ఎందుకు. పెద్ద పెద్ద ఇళ్ళవాళ్ళే ఆపేశారు. ఒక్క ఇంటినుంచి ఒక్క ఆదివారం తప్పకుండా వచ్చినయ్యి. మణెమ్మమ్మ బైబిలు సంచిలో పెట్టుకొచ్చి, ఇయ్యి మా కోడలు పంపింది అని వొంపేది. ఆ బియ్యంతోనే పాకలో ముసలమ్మలిద్దరికీ గంజి కాచాం. ఇంట్లో మనిషి మంచంలో ఉండి కూడా పంపింది ఆ తల్లి. మా కోడలు ఎవరికీ చెప్పొద్దంది అని మణెమ్మమ్మ ఒట్టు వేయించుకుంది. ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇవాళ చెప్పకపోతే నాకు తప్పు," అని మాణిక్యం కూర్చుంది.

అరవై తలలు మార్త వైపు తిరిగాయి. సంఘ పెద్ద వాచీ మీంచి కళ్ళెత్తి చూశాడు. అయ్యగారు మెచ్చుకోలుగా కళ్ళు మూసి తెరిచారు. సీతమ్మ కూడా చూసింది, ఆ చూపులో ఓర్వలేనితనం ఉంది, ఇంకోరోజైతే దానికి మార్త వారం రోజులు సంబరపడేది. ఇప్పుడు ముసలిదాని వీపు తప్ప ఏమీ కనపడలేదు. చాప మీద, తెల్ల చీర కింద, పిల్లదాని వీపంత వీపు. కొంగు సర్దుకుంటోంది. ఎవరి గురించో మాట్లాడుకుంటున్నారన్నట్టు చాప ఈన ఒకటి పీకుతోంది. దొంగ. ఎంత దొంగ. ముంత అటక మీద బోర్లించింది గాని చెయ్యి బోర్లించలేదు. తను కొలిచి చాటలో పోసిపోయిన బియ్యంలోంచి తీసింది పిడికెడు. మరి ఆ పిడికెడు ఎవరికి తగ్గింది. తనకి తగ్గలేదు, డ్యూటీ నుంచి వచ్చి ఆవురావురుమని తినేది, ఏనాడూ చాల్లేదని అనుకోలేదు. మంచంలో మనిషికి తగ్గలేదు, ఆయన కంచంలో అన్నం మిగిలిపోయేది. ఆకలి లేదమ్మాయ్. ఇరవై ఎనిమిదేళ్ళు నర్సు. మొహం చూసి జ్వరం ఎంతుందో చెబుతుందని డాక్టర్లు పొగిడే సిస్టరు. ఒకే గదిలో ఒక మనిషి పూటపూటా అన్నం తగ్గించుకుంటుంటే అలక అనుకుంది, పురుగులు అనుకుంది, మందు తెచ్చి మింగించింది. ఆకలితో ఉన్న కడుపులోకి నులిపురుగుల మందు. మంచంలో కదల్లేని లస్కరుకి కనపడింది, నర్సుకి కనపడలేదు. థూ.

పోనీ ఇస్తే ఇచ్చింది, తన పేరున ఇచ్చుకోవచ్చుగా. మా కోడలు పంపింది. పిసినారి కోడలు, నోటి దురుసు కోడలు, దేవుణ్ణి క్యూలో నుంచోబెట్టిన కోడలు. దానికి మంచి పేరు కొనిపెట్టింది ముసలిది, పూటకో పిడికెడు పోసి. ఆ పేరు పట్టుకునే బందు రోజున ఇద్దరు నడిచి వచ్చారు, శవం తలాపున ఎవరూ లేకుండా పోకుండా. ఇంతమందిని నిలదీస్తానని ఏడాదిగా మాటలు నూరుకుందే, ఆ ఎనిమిది నెలల్లో ఈ ఇంటికి ఏం చేశారని, నువ్వేం చేశావని ఎవరైనా అడిగితే ఏముంది తన దగ్గర. ఒక తాళం ఉంది. కోపం వచ్చింది మార్తకి, ఎవరిమీదో తెలియలేదు, ముందు అత్తమీదే అనుకుంది. కళ్ళు మండాయి. పొయ్యి పొగ, అనుకుంది. పొగ అటువైపు పోతోంది.

"మణెమ్మగారూ, కన్నతల్లి మీరు, ఒక్క సాక్ష్యం చెప్పండి," అన్నారు అయ్యగారు.

మణెమ్మ లేవటానికి కాస్త సేపు పట్టింది. ఏసుపాదం చెయ్యి అందించబోతే వద్దని నేలకి చెయ్యి ఆనించి లేచింది. లేచి నిలబడినా కూర్చున్నవాళ్ళంతే ఉంది. పందిరి కింద అందరి వంకా చూసింది, చివర గుంజ దగ్గర ఉన్న ఇద్దరి వంకా చూసింది.

"అన్నం చల్లారిపోద్ది బాబూ," అని కూర్చుంది.

వెనకాల ఎవరో నవ్వారు. అయ్యగారు కూడా నవ్వి, పెద్దావిడ కదా అన్నారు. మార్తకి మాత్రం ఆ కూటంలో అంతవరకూ విన్న మాటల్లో మాటలా ఉన్నది అదొక్కటే అనిపించింది. ఎవరి ఆకలి ఎక్కడుందో చూసి అన్నమాట అది. యాభై రెండులో పాదాలు పట్టిన తొమ్మిది రోజులూ ఎందుకో గుర్తుకొచ్చాయి. అందరూ ఏదో ఒకటి అన్నారు. వాళ్ళన్న మాటల్లో ఒక్కటీ ఇప్పుడు పనికిరాదు. పాదాలకి మాత్రం ఆ చేతుల వేడి ఎట్టా ఉండేదో ఇంకా గుర్తుంది.

"ఇక మన సిస్టరుగారు," అన్నారు అయ్యగారు.

మార్త లేచింది. నున్నగా నూరుకున్న మాటలు నోటిదాకా వచ్చాయి, చేతులెత్తండి అన్నంతవరకూ వచ్చి అక్కడ ఆగిపోయాయి. ఆ చేతుల్లో ముందు తన చెయ్యే లేవదు.

"అందరికీ వందనాలు," అంది. వార్డులో డ్యూటీ అప్పగించే గొంతుతోనే అంది. "మాణిక్యంగారు చెప్పిన బియ్యం నేను పంపలేదు. నేను బియ్యం పెట్టెకి తాళం వేశాను. పంపింది మా అత్త. తన కంచంలోంచి తీసి పంపింది. నాకు ఇప్పటిదాకా తెలియదు. పొద్దున బైబిలు సంచిలో గింజలు చూసి దొంగతనం అనుకున్నాను. మా ఆయన చెప్పాడు, అమ్మ తినటం లేదు చూడమని. నేను చూడలేదు." ఇంకా ఏదో అనాలి. కృతజ్ఞత అనే మాట నాలుక మీదకొచ్చింది, ఏసుపాదం నోట్లో నలిగిన మాట, దాన్ని మింగేసింది. "అంతే. ఇక లేవండి, అన్నాలు చల్లారిపోతున్నాయి."

ఎవరూ తలూపలేదు. అయ్యగారు గబగబా ప్రార్థన ముగించేశారు, అంత చిన్న ప్రార్థన ఆయన జన్మలో చేసి ఉండరు. విస్తళ్ళు పడ్డాయి. సందు మొదట్లో రిక్షావాడు గంట కొడుతున్నాడు. ఏసుపాదం తల గీరుకుంటూ దగ్గరికొచ్చి, "వదినా, మరి అమ్మని ఇప్పుడే తీసుకుపొమ్మంటావా, భోజనాలయ్యాకా," అన్నాడు.

"ఆ పెట్టె దించి లోపల పెట్టు," అంది మార్త.

"కార్డులో రాశావు గదా వదినా."

"రాశాను. మీ ఇంట్లో అన్నం ముద్దగా వండుతారు, ఆవిడకి అరగదు. పెట్టె దించమన్నానా. రిక్షావాడికి కూడా విస్తరి వెయ్యమని అంతోనికి చెప్పు."

సీతమ్మ మొహంలోకి పోయిన రక్తం తిరిగొచ్చింది. ఆ మొహం చూసి చులకనగా ఏదో అనుకోబోయి, తీరిక లేక ఊరుకుంది మార్త. అంతోని చేతిలోంచి అన్నం బేసిన్ లాక్కుంది. గుంజ దగ్గర ఇద్దరికీ ముందు పెట్టి, చూపు ఆనని ఆమె చెయ్యి పట్టుకుని కూర ఎక్కడుందో ముట్టించి, అప్పుడు అత్త విస్తరి ముందుకొచ్చి గొంతుక్కూర్చుంది. బొడ్లోంచి తాళంచెవి తీసింది. ఏడాదిన్నరగా అక్కడ ఒరుసుకుని ఒరుసుకుని చర్మం నల్లబడింది. దాన్ని అత్త ఒళ్ళో పడేసింది.

"తీసుకో. రేపట్నుంచి నువ్వే కొలుచుకో. ఇష్టమొచ్చినన్ని పిడికెళ్ళు తీసుకో. నీ దేవుడి సంగతి నాకు తెలియదు, కంచంలో మాత్రం అన్నం తగ్గిందా, చెబుతా."

మణెమ్మ ఆ తాళంచెవి వేళ్ళతో తిప్పి తిప్పి చూసి, కోడలికే తిరిగి ఇవ్వబోయింది.

"దీంతో పనిలేదమ్మాయ్. ఆ తాళం పడదు. లాగితే వచ్చేస్తది."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు తెచ్చిన్రోజు నుంచీ అంతే. చెబితే మళ్ళీ కొత్తది కొంటావని చెప్పలా."

లాగితే ఊడే తాళం పక్కనే ఉన్నా, తీసింది మాత్రం తన వంతులోంచే. మార్త గంటె నిండా అన్నం తీసి అత్త విస్తట్లో పెట్టింది. చాలమ్మాయ్ అంటే ఇంకో గంటెడు పెట్టింది. పెట్టి, కూర వడ్డించి, అక్కడే చాప మీద కూర్చుని, ఆవిడ తినేదాకా చూస్తూ ఉంది.